మూడు గంటల చర్చి

మార్చి 4

బావగారికి,

నమస్కారం. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని కంగారు పడకండి. ఇక్కడ మనుషులందరం బాగానే ఉన్నాం. పోబోతున్నది మా లాడ్జి ఒక్కటే.

ఫోన్ చేద్దామంటే మీరు ఫోను ముట్టుకోరని అక్క చెప్పింది. మధ్యలో నువ్వు చెప్పవే అంటే, "మీ ఇద్దరి మధ్యకి నేను రాను, నాకు బతకాలని ఉంది" అంది. అందుకే ఈ ఉత్తరం.

మీ "కొండసీమలో చూడదగ్గ స్థలాలు" ఆరో ముద్రణకి వెళుతోందట. సంతోషం. ఇటు వచ్చేవాళ్ళందరి చేతిలోనూ ఆ పుస్తకమే. అందులో మా మూడు గంటల చర్చి గురించి మీరు రాసిన మాటలు నాకు నోటికి వచ్చు: "మూడు గంటల చర్చి. సంగతి పేరులోనే ఉంది. ముందుగా వెళ్ళి ప్రయోజనం లేదు, తరువాత ఉండి ప్రయోజనం లేదు. అరగంట చాలు."

బావగారూ, ఇరవై నాలుగేళ్ళుగా జనం మీ మాట తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. రెండూ ముప్పావు బస్సుకి దిగుతారు, చర్చి చుట్టూ ఒకసారి తిరుగుతారు, మూడున్నర బస్సెక్కి పోతారు. అదే ఆఖరి బస్సు. ఆ మధ్యలో మా లాడ్జికి ఎవరైనా వస్తే బాత్రూం ఎక్కడని అడగడానికే. నా ఆరు గదుల్లో దుప్పట్లు ఉతకడం మానేసి దులపడం మొదలుపెట్టాం.

అసలు మూడు గంటలూ మోగేది సాయంత్రం ఆరున్నరకి. అది విన్నవాడు ఆ రాత్రి కొండ దిగడు. మీరు ఒక్క ముక్క మార్చి "సాయంత్రం దాకా ఉండండి" అని రాస్తే నా గదులు నిండుతాయి. లేకపోతే ఈ సీజనుతో తాళం వేసి, మా అల్లుడి సామాన్ల కొట్లో కూర్చుని మేకులు తూచాలి. అల్లుడు మంచివాడే. కానీ అతను నన్ను ఇప్పటికే "మామగారూ, మీకు పొడుగు మేకులకీ పొట్టి మేకులకీ తేడా తెలుస్తుందా?" అని అడిగాడు.

పాత కోపాలు ఉంటే ఉండనివ్వండి. పుస్తకం వరకు దయ ఉంచండి.

మీ బావమరిది

---

మార్చి 9

బావమరిదికి,

ఉత్తరం అందింది. నాలుగు అచ్చుతప్పులున్నాయి. చేతిరాతలో అచ్చుతప్పులు చేయగలగడం మీ వంశానికే చెల్లింది.

ముందుగా ఒక సంగతి తెలుసుకో. నా పుస్తకం మొదటి పేజీలో ఏముంది? "ప్రతి స్థలమూ రచయిత స్వయంగా చూసి రాసినది." ఆ వాక్యం కోసం నేను రెండు మోకాళ్ళూ పోగొట్టుకున్నాను. మంచు గుహలోకి పాక్కుంటూ వెళ్ళాను. సరస్సు ఒడ్డున పడవవాడితో గొడవపడి చుట్టూ నడిచాను. అందుకే "సరస్సు చూడదగినది, పడవవాడు తప్ప" అని రాశాను. బొమ్మల చర్చి పైకప్పులో ఎడమవైపు దేవదూత కాలికి ఆరు వేళ్ళున్నాయని వందల ఏళ్ళలో మొదట లెక్కపెట్టినవాణ్ణి నేను. ఎర్రట్ట పుస్తకం వాడున్నాడే, వాడు మంచు గుహ గురించి పోస్టుకార్డు బొమ్మ చూసి రాశాడు. "గుహలో చల్లగా ఉంటుంది" అట. ఎంత పరిశోధన! చూడకుండా రాసేవాళ్ళ గురించి నా ముందుమాటలో నాలుగు పేజీలు రాశాను. వాడికి నచ్చిందనుకోను.

కోటలో టూరిస్టులకి కథలు చెప్పేవాడొకడు, సొరంగం సముద్రం దాకా ఉందని చెప్పేవాడు. నేను కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళి చూశాను. ముప్ఫై అడుగుల తర్వాత గోడ. గోడ మీద వాడి పేరే చెక్కి ఉంది. పుస్తకంలో వేశాను. వాడు పని మానేశాడని విన్నాను. మంచిదే.

ఇక నీ కోరిక. మూడు గంటలు సాయంత్రం ఆరున్నరకి మోగుతాయని రాశావు. ఎంతోమంది శాస్త్రజ్ఞులు రాసినవి చదివాను గానీ, మూడు గంటలు ఆరున్నరకి అయ్యే ఊరి గురించి ఎక్కడా చదవలేదు. గడియారం బాగుచేయించుకోండి. అది చేయకుండా పుస్తకం మార్చమనడం, ముఖం బాలేదని అద్దం మార్చినట్టు.

వేళ అంటే నీకు మొదటినుంచీ పట్టింపు లేదు. నా దగ్గర అందరి ఉత్తరాలూ ఉన్నాయి. ఫైలు పేరు "అవమానాలు". నీది మూడో కట్ట. నీ పెళ్ళికి నువ్వు రాసినది ఇదిగో, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "మీ పెళ్ళి మీ ఊళ్ళోనే అయింది కాబట్టి ఇటు దారి మీకు తెలియదు. అక్క ముందే వచ్చేసిందని బెంగ పెట్టుకోకండి. మూడు గంటల దగ్గర నేనే స్వయంగా నిలబడి ఉంటాను."

నేను ఒంటిగంటకే బస్సు దిగాను. రెండయింది. సరే, చెప్పిన వేళ కాలేదు కదా అనుకున్నాను. మూడయింది. మూడుంబావు అయింది. కొత్త చొక్కా, చేతిలో బహుమతి పెట్టె, ఎదురుగా నన్నే చూస్తూ ఒక మేక. మూడున్నర బస్సెక్కి వెనక్కి వచ్చేశాను. పెళ్ళికొడుకు ఎదురొస్తానని రాసి ఎగ్గొట్టిన వైనం ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు.

కనక మార్పులేమీ ఉండవు.

నీ అక్క మొగుడు

---

మార్చి 14

బావగారికి,

మీ ఉత్తరం చదివి మా ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంది, అందుకు కృతజ్ఞతలు.

బావగారూ, మీరు ఏమైనా అనండి, ఎగ్గొట్టానని మాత్రం అనకండి. నేను మూడు గంటల దగ్గరే నిలబడ్డాను. పొద్దున పదకొండు నుంచి చీకటి పడేదాకా నిలబడ్డాను. పెళ్ళికూతురి వాళ్ళు వచ్చి "వరుడేడీ?" అంటే, "మూడు గంటల దగ్గర బావ కోసం చూస్తున్నాడు" అని మావాళ్ళు చెప్పారట. వాళ్ళ మేనమామ "అమ్మాయిని చేసుకుంటాడా, బావని చేసుకుంటాడా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో చలామణీలో ఉంది. అప్పుడు మీరు రాలేదు. ఇప్పుడు నన్ను అబద్ధాలకోరును చేస్తున్నారు.

గడియారం బాగుచేయించుకోమన్నారు. మా చర్చికి గడియారమే లేదు.

ఇంకోటి. మీరు మొదటి పేజీ వాక్యం గురించి అంత రాశారు కాబట్టి, నిజం నిజంగానే ఉండాలి కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు మూడు కూడా లేవు, రెండే. పోయిన నెల ఒకటి దించేశారు. ఏప్రిల్ మొదటి వారానికి మళ్ళీ మూడు అవుతాయని ఫాదర్ అన్నారు. అది రాస్తారో మానేస్తారో మీ ఇష్టం, సాయంత్రం సంగతి మాత్రం రాయండి.

మొన్న ఒక కుటుంబం వచ్చింది. పిల్ల అంది, "అమ్మా, ఇక్కడ ఉందాం, బాగుంది." తల్లి మీ పుస్తకం తెరిచి చూపించి, "తరువాత ఉండి ప్రయోజనం లేదు అని రాశారమ్మా" అంది. నేను గుమ్మంలోనే నిలబడి విన్నాను. మీరు కావాలనే రాశారని నాకు తెలుసు. పెళ్ళినాటి కోపం నా గదుల మీద తీర్చుకున్నారు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. దుత్తకీ ఓ ఓర్పుంటుంది బావగారూ.

మీ బావమరిది

---

మార్చి 19

బావమరిదికి,

కోపం తీర్చుకున్నానా? నేనా? తీర్చుకోవాలనుకుంటే మీ ఊరి పేరే పుస్తకంలో ఉండేది కాదు. నేను వాస్తవం రాశాను. వాస్తవం ఎవరికైనా తగిలితే అది వాస్తవం తప్పు కాదు.

గడియారమే లేదన్నావు. ఇప్పుడు అంతా అర్థమైంది. గడియారం లేని ఊళ్ళో నువ్వు మూడు గంటలకి నిలబడ్డానంటే ఎవరు నమ్ముతారు? పదకొండు నుంచి నిలబడ్డానని నువ్వే ఒప్పుకున్నావు. పదకొండుని మూడనుకుని నిలబడి, మూడయ్యేసరికి విసుగొచ్చి ఎక్కడికో పోయి ఉంటావు. ముప్ఫై ఒక్క ఏళ్ళకి నీ మీద మొదటిసారి జాలి కలిగింది.

అయితే నేను మొండివాణ్ణి కాను. ఒకటి దించేశారనీ, ఇప్పుడు రెండేననీ రాశావు కదా. ఒక గంట ముందుకు జరిపారన్నమాట. ఆ మాట మొదటి ఉత్తరంలోనే సూటిగా చెబితే నాకింత తపాలా దండగ ఉండేది కాదు. ఏప్రిల్‌లో మళ్ళీ మూడు చేస్తారంటున్నావు; చలికాలానికి ఒక వేళ, ఎండాకాలానికి ఒక వేళ అన్నమాట. ఫాదర్లకి ఇలాంటి సరదాలు ఉంటాయి.

వెంటనే ప్రెస్సుకి కబురు చేశాను. పబ్లిషర్ సణిగాడు. వాడు సణగని రోజు వాడికి జ్వరం వచ్చిందని అర్థం. ప్రూఫు కాగితం జతచేస్తున్నాను, చూసుకో: "రెండు గంటల చర్చి (ఏప్రిల్ నుంచి మూడు గంటల చర్చి). సంగతి పేరులోనే ఉంది. ముందుగా వెళ్ళి ప్రయోజనం లేదు, తరువాత ఉండి ప్రయోజనం లేదు. అరగంట చాలు."

ఒకరి మాట మీద నా పుస్తకంలో అక్షరం మార్చడం ఇదే మొదలు. సంతోషించు. ఇక నీ గదులు నిండకపోతే దుప్పట్ల వల్లే.

నీ అక్క మొగుడు

---

మార్చి 23

బావగారికి,

ప్రూఫు అందింది. మూడుసార్లు చదివాను. ముందు వెక్కిరిస్తున్నారనుకున్నాను. తర్వాత మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ "ఏమండీ, ఆయన గంట అంటే గంట అనుకుంటున్నారేమో" అంది.

అయ్యా, గంట అంటే ఖంగుమని మోగేది. ఇత్తడిది. తాడు లాగితే ఊగేది. మా చర్చి గోపురంలో అలాంటివి మూడు ఉన్నాయి. పెద్దది, నడిమిది, జలుబుది. మూడోది ముక్కుతో మూలిగినట్టు మోగుతుంది కాబట్టి జలుబుది. దాని నాలుక విరిగితే బాగుచేయడానికి కిందికి దించారు. "ఒకటి దించేశారు" అంటే అదీ. మూడు గంటలు ఉన్నాయి కాబట్టి మూడు గంటల చర్చి. ఊళ్ళో ఎవరినైనా "ఎక్కడ కలుద్దాం?" అంటే "మూడు గంటల దగ్గర" అంటారు. చర్చి ముందు అని అర్థం. పొద్దునైనా అదే మాట, సాయంత్రమైనా అదే మాట.

గోపురం కింద నిలబడి తలెత్తితే మూడూ కనిపిస్తాయి. గుడ్డివాడికైనా వినిపిస్తాయి.

బావగారూ, చిన్నవాణ్ణి, అడుగుతున్నాను. మీరు అసలు మా చర్చి చూశారా?

మీ బావమరిది

---

మార్చి 28

బావమరిదికి,

నీ ఉత్తరానికి జవాబుగా ఆరు పేజీలు రాశాను. గంట అనే మాటకి ఎన్ని అర్థాలో, రెండర్థాల మాటతో ఊరికి గుర్తులు పెట్టుకోవడం ఎంత బాధ్యతారాహిత్యమో, నిఘంటువులు దగ్గర పెట్టుకుని రాశాను. చాలా బాగా వచ్చింది. పక్కన పెట్టాను. చదవాలనుకుంటే ఎప్పుడైనా పంపుతాను.

అది రాస్తుండగా మీ అక్క వచ్చింది. "ఎవరిని తిడుతున్నారు?" అంది. చెప్పాను.

"మీరు పుస్తకం రాసేటప్పుడు నన్ను అడిగారుగా, నేను గంటలనేగా చెప్పాను" అంది.

"నేనూ గంటలనే రాశానుగా" అన్నాను.

"ఆ గంటలు కాదండీ."

"ఇంకెన్ని రకాల గంటలున్నాయి?"

వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె మూత ఒకటి, గరిటె ఒకటి తెచ్చి నా చెవి పక్కన ఒక్కటి కొట్టింది. "ఇదో రకం" అని వెళ్ళిపోయింది. ఎడమ చెవి ఇంకా జుమ్మంటోంది.

ఇప్పుడు నువ్వడిగిన ప్రశ్న. లేదు. చూడలేదు. బస్సు స్టాపు దాటి పైకి ఒక్క అడుగు వేయలేదు. నీ పెళ్ళి రోజున వెనక్కి వచ్చాక, ఆ కొండ మళ్ళీ ఎక్కనని శపథం పట్టాను. పుస్తకం రాసేటప్పుడు చుట్టుపక్కల ముప్ఫై ఏడు స్థలాలు తిరిగాను, మీ ఊరొక్కటే వదిలేశాను. మీ అక్క కూరగాయలు తరుగుతుంటే గుమ్మంలో నిలబడి అడిగాను: "మీ ఊరి చర్చిలో ఏముంది?" ఆవిడ తలెత్తకుండా, "ఏముంటుంది, మూడు గంటలు. అంతే" అంది. అదే రాసేశాను. చూడకుండా రాసేవాళ్ళని తిట్టిన నాలుగు పేజీలు అదే వారంలో రాశాను.

మూడో కట్ట తీసి నీ పెళ్ళి ఉత్తరం మళ్ళీ చదివాను. "మూడు గంటల దగ్గర." ఆ వాక్యాన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్నిసార్లు చదివానో. ఎంతో చదివినవాడినని పేరు. సరే.

నువ్వు పైన, నేను కింద. మధ్యలో ఒక మేక.

ఇప్పుడు గొడవేమిటంటే, సోమవారం ఆ ఫారం అచ్చుకి ఎక్కుతోంది. పదహారు పేజీలు ఒకేసారి. అందులో నీ రెండు గంటల చర్చి. పబ్లిషర్‌ని ఆపమన్నాను. వాడు ఇరవై నాలుగేళ్ళుగా ఈ రోజు కోసమే బతికున్నట్టు నవ్వాడు. "ఏప్రిల్ 8 దాకా ఆపుతాను. అప్పటికి కొత్త మాటలు ఇవ్వకపోతే ఉన్నవే వేసేస్తాను" అన్నాడు. నువ్వు చెప్పింది విని రాసేయొచ్చు. కానీ విని రాయబట్టే ఇంత దూరం వచ్చింది. చూడకుండా మళ్ళీ రాయలేను. చూద్దామంటే మోకాళ్ళు. శపథం సంగతి సరేసరి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వే చెప్పు.

బావ

---

ఏప్రిల్ 1

బావగారికి,

ఈ రోజు తేదీ చూసి ఆటపట్టిస్తున్నాననుకోకండి. రండి.

మీ ఉత్తరం ముందు నేనొక్కణ్ణీ చదువుకున్నాను. తర్వాత మా ఆవిడకి చదివి వినిపించాను. మేక దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. నవ్వి నవ్వి ఆవిడ కళ్ళు తుడుచుకుని, "పాపం, ఎండలో కొత్త చొక్కా వేసుకుని" అంది. తర్వాత ఒక మాట అంది, రాయొద్దంది కానీ రాస్తున్నాను. "ఆయన ఎక్కిన బస్సే ఇన్నేళ్ళుగా అందరినీ ఎక్కిస్తున్నారు" అంది.

శపథం కొండ మీద కదా పట్టారు. ఇప్పుడు స్టాపు నుంచి పైదాకా రోడ్డేశారు. కొండ ఎక్కక్కర్లేదు, మా పాలవాడి వ్యాన్ ఎక్కితే చాలు. ధర్మశాస్త్రాలు చదివినవారు, వ్యాన్‌కి శపథం వర్తిస్తుందో లేదో మీరే చూసుకోండి.

వివరాలు జాగ్రత్తగా రాస్తున్నాను. ఏప్రిల్ 5, శనివారం. మీ బస్సు స్టాపుకి వచ్చేసరికి మీ చేతి గడియారంలో చిన్నముల్లు పది మీద, పెద్దముల్లు పన్నెండు మీద ఉంటాయి. నేను స్టాపు దగ్గర ఉంటాను. స్టాపు అంటే బస్సు ఆగే చోటు. అక్కడ నీలం రంగు బెంచీ ఉంది, దాని మీద కూర్చుని ఉంటాను. మీరు దిగే తలుపుకి ఎదురుగానే. ఈ ఉత్తరంలో ఆ రెండక్షరాల మాట ఎక్కడా వాడలేదు, గమనించండి.

జలుబుదాన్ని శుక్రవారం పైకెక్కిస్తున్నారు. గది నెంబరు నాలుగు. కిటికీ గోపురం వైపు. దుప్పటి ఉతికించాను.

మీ బావమరిది

---

ఏప్రిల్ 5, నాలుగో నెంబరు గది

కింద కూర్చున్న బావమరిదికి,

ఒకే కప్పు కింద ఉండి ఉత్తరమేమిటనుకుంటావు. నోటితో చెప్పడం నాకు అలవాటు లేని మాటలు కొన్ని ఉన్నాయి. టీ కప్పు తీసుకెళ్ళడానికి మీ ఆవిడ వచ్చినప్పుడు ఇచ్చి పంపుతున్నాను. చదివాక పైకి వచ్చి దాని గురించి మాట్లాడొద్దు.

ముందు ఫిర్యాదులు. మెట్లలో ఏడోది వదులుగా ఉంది. కిటికీ గడియ పడదు. దిండు మరీ మెత్తగా ఉంది, తల ఎక్కడికి పోయిందో వెతుక్కోవాల్సి వచ్చింది. సబ్బు బాగుంది.

పొద్దున బస్సు దిగాక మనం మాట్లాడుకున్నది ఇంతే: "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" "ఉన్నాయి." ముప్ఫై ఒక్క ఏళ్ళకి అది చాలు. నువ్వు తెల్లవారినప్పటినుంచీ ఆ బెంచీ మీద ఉన్నావని వ్యాన్‌వాడు చెప్పాడు. అంత అవసరం లేదు. అయినా సరే.

చర్చి చూశాను. చిన్నది. గోడలు వంకర. తలుపు మీది చెక్కడం బాగుంది, ఒక మూల అసంపూర్తిగా వదిలేశాడు. కట్టినవాడికి ఏదో గొడవ వచ్చి ఉంటుంది. నాకు ఆ మనిషి నచ్చాడు. మధ్యాహ్నం రెండూ ముప్పావు బస్సుకి పన్నెండు మంది దిగారు. అందరి చేతుల్లోనూ నా పుస్తకం. వాచీలు చూసుకుంటూ తిరిగారు. ఒకాయన భార్యతో, "రాసినాయన చెప్పినట్టే ఉంది, పెద్దగా ఏం లేదు" అన్నాడు. ఆ పక్కనే రాసినాయన నిలబడి ఉన్నాడు. మూడున్నరకి వాళ్ళు వెళ్ళిపోయారు. చేయి ఎత్తి ఆపుదామనుకున్నాను. ఆపి ఏం చెప్పాలి?

ఆరున్నరకి కిటికీ దగ్గర కూర్చున్నాను. ముందు పెద్దది మోగింది. బాగానే ఉంది అనుకున్నాను. నడిమిది కలిసింది. తర్వాత ఆ జలుబుది. మొదటి దెబ్బకే నవ్వొచ్చింది, అచ్చం మా పబ్లిషర్ గొంతే. తర్వాత ఎదురుగా ఉన్న కొండ ఆ మూడింటినీ తిప్పి పంపడం మొదలుపెట్టింది. ఏది గోపురంలోంచి వస్తోందో, ఏది కొండలోంచి వస్తోందో తెలియలేదు. జలుబుది లేకపోతే అంత బాగుండేది కాదు. దీని గురించి ఇంతకంటే రాయను.

పుస్తకంలోకి వెళ్ళే మాటలు ఇవి. రేపు పొద్దున బస్సులో తీసుకెళ్ళి నా చేత్తోనే ఇస్తాను:

"మూడు గంటల చర్చి. గంటలు అంటే మోగేవి. గత అయిదు ముద్రణల్లో రచయిత వీటిని గడియారపు గంటలనుకుని, పాఠకులను మూడున్నర బస్సెక్కించి పంపాడు. అతను చర్చి చూడకుండా రాశాడు. ముందుమాటలో తిట్టినవాళ్ళలో తనను కూడా చేర్చుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాడు. పొద్దున పెద్ద గంట, మధ్యాహ్నం నడిమి గంట, సాయంత్రం ఆరున్నరకి మూడూ కలిసి మోగుతాయి. అప్పటికి ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. వెళ్ళనివ్వండి."

లాడ్జి గురించి రాయలేదు. బంధువులని పొగిడాడని ఎర్రట్టవాడు గోల చేస్తాడు. బస్సు పోయినవాడు ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా, ఊళ్ళో ఉన్నది నీ కప్పొక్కటే.

బావ

---

జూలై 11

బావగారికి,

మీ ఉత్తరం అందింది. అక్కనీ తీసుకుని పదిహేనో తేదీకి వస్తామనీ, పది రోజులుంటామనీ, నాలుగో నెంబరు గది ఉంచమనీ రాశారు. చదివి ఎంతో సంతోషించాను. సంతోషించి, తల పట్టుకున్నాను.

గది లేదు బావగారూ.

కొత్త ముద్రణ వచ్చిన మూడో వారం నుంచీ ఇదే తంతు. మూడున్నర బస్సు ఖాళీగా వెళుతోంది. డ్రైవరు నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటున్నాడు. జనం బెంచీ మీద కూర్చుని, బస్సు వెళుతుంటే దాన్ని చూసి "వెళ్ళనివ్వండి, వెళ్ళనివ్వండి" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని నవ్వుతున్నారు. ఆరు గదులూ ఆగస్టు ఆఖరు దాకా రాసేసుకున్నారు. నాలుగో నెంబరు కావాలని ముగ్గురు పోట్లాడుకున్నారు. మా గదే ఒక జంటకి ఇచ్చేసి, నేనూ మా ఆవిడా దుప్పట్ల గదిలో పడుకుంటున్నాం. అల్లుడు నిన్న వచ్చి మేకులు తెచ్చి ఏడో మెట్టు కొట్టిపెట్టాడు. పొడుగువి తెచ్చాడు, పొట్టివి కావాలి. చెప్పలేదు.

ఇంతమందిని ఖాళీ చేయించలేను. పరాయివాళ్ళయితే ఏదో అబద్ధం చెప్పేవాణ్ణి, మీకు చెప్పలేను. సెప్టెంబరులో రండి. కోపం తెచ్చుకోకండి. ఈ ఉత్తరాన్ని మూడో కట్టలో పెట్టకండి.

మీ బావమరిది

---

జూలై 13

బావమరిదికి,

కార్డే రాస్తున్నాను, టైము లేదు.

గదులు లేవన్న నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. నా పుస్తకానికి ఇప్పటిదాకా నలభై సమీక్షలు వచ్చాయి. ఇంత బాగా రాసినవాడు ఒక్కడూ లేడు. పబ్లిషర్‌కి చూపించాను. వాడు సణగలేదు. జ్వరమేమో కనుక్కోవాలి.

గది లేదని మీ అక్కకి చెప్పలేదు. చెబితే బయలుదేరదు. పెట్టె కట్టి గుమ్మంలో పెట్టింది, దాని మీద కూర్చుని ఉంది. కాబట్టి వస్తున్నాం. మీ ఆవిడ పక్కన అక్కకి చోటు చూడు. నీకూ నాకూ మెట్లున్నాయి. పై నాలుగూ నావి, కింది నాలుగూ నీవి.

బావ